తిట్లు విని సంతోషపడిన నా బిడ్డ

జ్వరమని ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చిన నా కూతురు నాలుగో రోజు పొద్దున కన్నుమూసింది. మూడు నెలలైంది. జమ్మలమడుగు దగ్గర మా కాలనీకి ఆమే ఆశా కార్యకర్త. పెద్దగా చదువుకోనిదాన్ని, నా బిడ్డ గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

గండికోట ప్రాజెక్టు నీళ్లకు ఊరు మునిగి అందరం ఈ కాలనీకి వచ్చాం. ఎదురింటి పెద్దాయనను నేను మామా అంటాను. ఆయన నోటికి ఊరంతా జడిసేది. సంగటి మెత్తనైతే కోడలికి తిట్లు, బస్సు ఆలస్యమైతే కండక్టరుకు తిట్లు. అట్లాంటి మనిషి పోయినేడు చలికాలంలో మెత్తబడ్డాడు. పెట్టింది తింటాడు, అదీ సగమే. కోడి కూయకముందే లేచి గోడకానుకొని కూర్చుంటాడు. మోకాళ్లు నొప్పులంటాడు. వయసు మీద పడి శాంతమొచ్చిందని అందరం సంబరపడ్డాం. మీరైనా అట్లాగే అనుకొని ఉంటారు.

నా బిడ్డ ఒక్కతే సంబరపడలేదు.

"ఏమక్కా, మీ మామ నిన్ను తిట్టి ఎన్ని దినాలైంది?" అని ఆయన కోడలిని అడిగింది.

"కార్తీకం నుంచి తిట్టల్యా. దేవుడు ఇప్పటికి నా మొర ఆలకించినాడు, నువ్వు మళ్లా ఆయన్ను లేపాకు తల్లీ."

"ఇది శాంతం కాదక్కా, మనేద, మనసుకొచ్చిన జబ్బు. ముసలితనంలే అని ఇడ్సిపెడితే మనిషి దక్కడు."

తరువాత ఆయన పక్కన కూర్చొని, "తాతా, సంగటి ఎట్లుంది?" అనడిగింది.

"ఎట్లుంటే ఏముందిలేమ్మా" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకొని ఆయనను ప్రొద్దుటూరులో డాక్టరు దగ్గరికి బయలుదేరదీసింది. పిచ్చోళ్ల డాక్టరు నాకెందుకని ఆయన గడప దాటలేదు. నా బిడ్డ బస్సు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి, "మా తాత వచ్చేదాకా బస్సు కదల్దు" అనింది. కండక్టరు ఎంత గొణిగినా కాలు తీయలేదు.

డాక్టరు చాలాసేపు మాట్లాడి మాత్రలు రాశాడు. నెలనెలా తనే తీసుకుపోయేది. సాయంత్రం ఆయనను వీధి చివరిదాకా నడిపించేది. రెండు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం ఎదురింట్లోంచి కేక వినపడింది: "ఇది సంగటా, గోడకు పూసే సున్నమా?" అన్నం తింటున్న నా బిడ్డ ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి పోయి నిలబడింది.

"తిట్లు ఎంత కమ్మగుండాయిమా" అనింది.

ఆమె పోయాక నేను కొన్నాళ్లకు ఏడవడం కూడా మానేశాను. తల దువ్వుకోలేదు. పాలవాడు ఏం పోస్తే అదే పోయించుకున్నాను. గుండె నిబ్బరం చేసుకుందని అందరూ మెచ్చుకున్నారు. పోయిన వారం మామ వచ్చి వాకిట్లో కూర్చున్నాడు.

"ఏమ్మా, పాలోడు నీళ్లు పోస్తాండాడని ఈదంతా అరుస్తాండారు. నీ నోరు యాడబోయింది?"

"ఏ పాలైతే ఏముందిలే మామా."

ఆయన చప్పున లేచి నిలబడ్డాడు. "ఈ మాట అన్నందుకే గదా నీ బిడ్డ నన్ను ఈడ్సకపొయ్యింది. లెయ్. చీర మార్చుకో."

"నాకేం జబ్బు మామా. బిడ్డ పోయిన దుఃఖం."

"దుఃఖమైతే ఏడుస్తావు. నువ్వు ఏడ్సడం గూడా ల్యా. ఏందో డాక్టరు చూస్తాడు, నువ్వు లెయ్."

తల దువ్వుకొని, ఇంటికి తాళం వేస్తుంటే వీధి చివర బస్సు హారన్ మోగుతూనే ఉంది. మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టుకొని మామ కండక్టరును తిడుతున్నాడు.