ఓదేలు సార్ మా కాలేజీలో పాఠం చెప్పలేదు

నిన్న పొద్దున ఆఫీసులో ఫ్యాకల్టీ ఫైళ్లు సర్దుతుంటే ఫోన్ వచ్చింది.

ఓదేలు సార్ లేరట.

ఆయన ఫైలు నా ముందున్న కట్టలోనే ఉంది. 

మొన్న ఆదివారమే కూరగాయల మార్కెట్‌లో కనబడ్డారు. "ఏం బిడ్డా, మంచిగున్నవా?" అని అడిగారు. గుండెపోటట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సార్ గోదావరిఖనిలో మాకు డిగ్రీలో ఎకనామిక్స్ చెప్పారు. గవర్నమెంట్ కాలేజీ, ఈవెనింగ్ సెక్షన్. క్లాసులో సగం మంది బొగ్గు గనిలో పనిచేసేవాళ్లే.

మా బాపు కూడా. నేనూ మా బాపూ ఒకే క్లాసు!

ఫస్ట్ షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చేవాడు. ఎంత రుద్దినా కంటి అంచుల్లో నలుపు పోయేది కాదు. అట్లాగే వచ్చి ముందు బెంచీలో కూర్చునేవాడు. నాకు సిగ్గేసి వెనక కూర్చునేదాన్ని.

షిఫ్టులు వారం వారం మారతాయి కదా. సెకండ్ షిఫ్టు పడితే సాయంత్రం క్లాసుకు రాలేరు. అందుకని సార్ ప్రతి పాఠం రెండుసార్లు చెప్పేవారు. సాయంత్రం మాకు, మర్నాడు పొద్దున వాళ్లకు. చెప్పమని ఆయనకు ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు.

ఒకరోజు పొద్దున క్లాసుకు బాపు ఒక్కడే పోయాడు. తిరిగి వచ్చేస్తానంటే సార్ వినలేదట.

"ఒక్కనివైతేంది మల్లయ్యా? కూసో. గంట గంటనే."

పంచవర్ష ప్రణాళికల పాఠం, గంటసేపూ చెప్పారట. ఇంటికొచ్చి అన్నం తింటూ బాపు మా అవ్వతో అన్నాడు, "ఇయ్యాల సర్కారు నా ఒక్కని కోసమే సార్‌ను పంపినట్టున్నదే" అని.

ఇప్పుడా మాట ఎవరితోనన్నా అంటే నవ్వుతారు.

తర్వాత కథ మీకందరికీ తెలిసిందే. పర్మనెంట్ పనులు తగ్గాయి, కాంట్రాక్టు పనులు పెరిగాయి. ఈవెనింగ్ సెక్షన్ ఎత్తేశారు. రోడ్డు పొడుగునా ఇంజినీరింగ్, ఎంబీఏ కాలేజీలు లేచాయి. చదువంటే ప్యాకేజీ ఎంత అని అడగడం మొదలైంది. సార్ రిటైరైన ఏడాది ఆయన గ్రూపులో చేరింది ఇద్దరే. ఆయనతో పాటు గ్రూపు కూడా రిటైరైంది.

నేనేమో అలాంటి ఒక ప్రైవేట్ కాలేజీలో ఆఫీసు ఇన్‌చార్జిని. సార్ చెప్పిన చదువుతో దొరికిన కుర్చీయే ఇది.

రెండేళ్ల కింద మాకు ఇన్‌స్పెక్షన్ పడింది. ఎంబీఏకు ఎకనామిక్స్ పీహెచ్‌డీ ఉన్న మనిషిని చూపించాలి. మా దగ్గర లేరు. పెట్టుకుంటే జీతమివ్వాలి కదా! అందరూ నా మొహం చూశారు. నాకు తెలిసిన ఎకనామిక్స్ పీహెచ్‌డీ సార్ ఒక్కరే. ఆయనకు ఫోన్ చేశాను.

"రేపు మా కాలేజీకి రావాలె సార్" అన్నాను. అంతే. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు.

పొద్దున్నే వచ్చారు. ఇస్త్రీ చొక్కా. చేతిలో ఒరిజినల్ సర్టిఫికెట్లు. చంకలో నోట్స్, కొత్తగా రాసుకొచ్చినవి.

"ఏ రూము బిడ్డా?"

"రూము గాదు సార్. గీడ కూసోండ్రి. అడిగితే ఈడనే పనిచేస్తున్న అనుండ్రి."

సార్ నన్ను ఒక చూపు చూశారు. తిట్టినా బాగుండేది.

కమిటీలో ఒకాయన అడిగాడు, ఈ సెమిస్టర్ ఏం చెప్తున్నారు ప్రొఫెసర్ గారూ అని.  నిజం చెప్తే నా ఉద్యోగం పోతుందని సార్‌కు అర్థమైంది.

"మేనేజీరియల్ ఎకనామిక్స్" అన్నారు.

సర్వీసంతా ఒక్క దొంగ అటెండెన్స్ వేయని మనిషి, నా కోసం అబద్ధమాడారు.

సాయంత్రం వెళ్తూ అడిగారు, "ఒక్క పిల్లనన్న పిలువు బిడ్డా. తెచ్చిన పాఠం చెప్పి పోత."

బస్సులు పోయినయ్ సార్ అన్నాను. పోలేదు. గ్రౌండ్‌లోనే ఉన్నాయి. ఈ సార్ ఎవరని పిల్లలు అడిగితే మా బండారం బయటపడుతుందని భయం.

నోట్స్ చంకలో పెట్టుకొని నడుచుకుంటూ పోయారు. తర్వాతి ఇన్‌స్పెక్షన్‌కూ పనికొస్తాయని సర్టిఫికెట్లు, లిస్టులో పేరు మాత్రం మేం ఉంచుకున్నాం.

నిన్న కబురు తెలిశాక మా కరస్పాండెంట్‌కు చెప్పాను. అయ్యో అన్నాడు. అన్నాక, "వచ్చే వారమే ఇన్‌స్పెక్షన్ మేడం. అప్పటిదాంక పేరు ఉండనియ్యిండ్రి. లీవుల ఉన్నరని చెప్దాం" అన్నాడు.

లీవట! చచ్చిపోయినా మా కాలేజీ డ్యూటీ దింపదు.

అల్మారా తెరిచి సర్టిఫికెట్లు తీసుకొని సార్ ఇంటికి పోయాను. వాళ్లావిడ చేతిలో పెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకొని అడిగింది.

"మీ కాలేజీల పాఠం చెప్పవోతున్న అని ఎంత సంబురపడ్డడో బిడ్డా. మంచిగ చెప్పిండా?"

అవునని తల ఊపి వచ్చేశాను. సిగ్గులేని దాన్ని.

అమ్మా, అక్కడ చెప్పలేని జవాబు ఇక్కడ రాస్తున్నా. ఓదేలు సార్ మా కాలేజీలో ఒక్క పాఠం కూడా చెప్పలేదు. నేనే చెప్పనివ్వలేదు. లిస్టులో ఆయన పేరు అబద్ధం. ఈ పోస్టు ఎవరు ఎవరికి చూపించుకున్నా నాకు ఫికర్ లేదు.

పోయి రండి సార్. ఇక మిమ్మల్ని ఎవరూ ఉత్త కుర్చీలో కూర్చోబెట్టరు. నిమ్మళంగా పడుకోండి.