నాగవేణమ్మ తుడిచిన అద్దం

వాన పడితే నాగవేణమ్మకు రెండు చేతులూ చాలవు. ఎడమ చేత్తో జీపు కమ్మీని పట్టుకోవాలి. కుడి చేత్తో అద్దం మీది పిడిని అటూ ఇటూ తిప్పాలి. పిడి తిరిగితే బయట రెండు వైపర్లూ కలిసి కదులుతాయి. నీళ్లు పక్కకు జరిగి, దారి ఒక్క క్షణం పుట్టి, మళ్లీ కరిగిపోతుంది. పక్కనున్న మొగుడు బీరప్ప ఆ క్షణాన్ని నమ్ముకునే బండి నడపాలి.

తమిళనాట తుంబలహళ్లి నుంచి మేకల్ని సంతకు తోలే ఆ జీపు బీరప్ప తండ్రి నాటిది. పాతకాలపు వైపరు, ఇంజను పీల్చే గాలితో నడిచేది. ఎత్తు ఎక్కితే నీరసించేది. ఒకనాడు పూర్తిగా నిలిచిపోతే, పాలక్కోడు మెకానిక్కు రెండు వైపర్లకూ ఒక కడ్డీ కలిపి, ఎడమ సీటు ముందు పిడి బిగించాడు. అప్పుడామె కొత్త పెళ్లికూతురు. తొలి వానలో ఆ పిడి పట్టుకుని సిగ్గుపడింది. ఇప్పుడు వాన రాకముందే భుజం నొప్పి పుడుతుంది.

ఈ ఏడు ఆ నొప్పికంటే బరువైనదొకటి లోపల చేరింది. బీరప్పకు చూపు తగ్గుతోంది. ఆయన ఒప్పుకోడు. రబ్బరు సరిలేదంటాడు. రబ్బరు మార్చాడు, మళ్లీ మార్చాడు. సబ్బునీళ్లతో అద్దం కడిగాడు. ఎండలో కూడా "తుడువు" అంటాడు. ఆమె చూస్తే అద్దం తేటగా ఉంటుంది, అవతల పొలాలు తేటగా ఉంటాయి. మసక ఎక్కడుందో ఆమెకు తెలుసు. దొడ్లో మేకల్ని ఆయన వీపులు తడిమి గుర్తుపట్టడం చూసింది. ఆనాటి నుంచి, బండి ఎక్కిన ప్రతిసారీ ఇద్దరూ ఇల్లు చేరతారో లేదోనని భయపడుతోంది.

మనవరాలు కవిప్రియ ఒక మధ్యాహ్నం ఫోను చూస్తూ వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"అవ్వా, ఇదో పారు, చూడు. వైపర్ కనిపెట్టింది ఒక లేడీ. అదీ నీ మాదిరే చేత్తో తిప్పేది."

నూట ఇరవై ఏళ్ల కిందటి మాట. అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆమె మంచు కురిసే రోజున ట్రాము ఎక్కింది. దారి కనబడక డ్రైవరు ముందరి అద్దం తెరిచి, చలిని మొహాన పడనిస్తూ నడుపుతున్నాడు. ఆమె ఇంటికి పోయి బొమ్మ గీసింది. బయట రబ్బరు పట్టీ, లోపల పిడి. పేటెంటు వచ్చింది, కొనేవాడు రాలేదు. వ్యాపారానికి పనికిరాదన్నారు. కార్లకు వైపర్లు మామూలయ్యేసరికి పేటెంటు గడువు తీరిపోయింది.

"పాపం" అంది నాగవేణమ్మ. "ఆ బండాయనకు కండ్లు బాగుండెనా?" అని అడిగింది.

"అది ఇందులో లేదు అవ్వా."

"అద్దం తెరిస్తే కనిపించిందంటే, బాగుండినట్లే."

కవిప్రియ నవ్వింది. ఆమె నవ్వలేదు.

తరువాతి సంతనాడు పొద్దున్నే వాన పట్టుకుంది. వెనక మేకలు ఒకదాన్నొకటి ఒరుసుకుని అరుస్తున్నాయి. ఒక బస్సు హారను కొడుతూ పక్క అద్దాన్ని రాసుకున్నట్టే పోయింది.

"ఎడమకు పో" అంది ఆమె.

"తెలుసులే. నువ్వు తుడువు."

"తుడస్తానే ఉండా."

రైల్వే గేటు వేసి ఉంది. గేటు ఉందని ఆమె చెబితేనే ఆయన బ్రేకు తొక్కాడు. నాగవేణమ్మ పిడి మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. అద్దమంతా నీళ్లు. లోకం మొత్తం తెల్లగా కారిపోతోంది.

"ఇప్పుడు కనిపిస్తా ఉందా?" అని అడిగింది.

"బాగ కనిపిస్తా ఉండాది. బాగ తుడిచినావు."

రైలు పోయింది, గేటు లేచింది. ఆమె వంగి తాళంచెవి తిప్పి పీకేసింది. ఇంజను ఆగింది.

"ఏం చేస్తా ఉండావు? నలుగుర్లో మానం తీస్తావా?"

"నేను తుడవలేదయ్యా. చెయ్యి ఒళ్లోనే ఉండాది."

వెనక టెంపో డ్రైవరు తల బయట పెట్టాడు. "ఎన్నమ్మా, సంసారం వీట్ల పణ్ణు. వండి ఎడు." సంసారం ఇంట్లో చేసుకో, బండి తియ్యి అంటున్నాడు. ఆమె దిగి అతణ్నే బతిమాలింది. అతను గొణుక్కుంటూనే దిగి, జీపును రోడ్డు పక్కకు తోశాడు.

"కంట్లో పొర, అంతే" అంది ఆమె, వానలో మొగుడి పక్కన నిలబడి. "ధర్మపురి ఆస్పత్రికి బస్సులో పోదాం. తీసేస్తారు."

"తీసినంక కూడా కనిపించకపోతే?"

ఆ భయం తనకూ ఉంది. ఆమె పోయి వెనక తలుపు తెరిచింది. మేకలు ఒక్కొక్కటే రోడ్డు మీదికి దూకాయి. నడిపించి తోలితే సంత ముగిసేలోపు చేరవచ్చు. ఆయన్ని పొలాల వైపు ఉంచి, లారీలు వచ్చే వైపు తాను నడిచింది.

కొంతదూరం పోయాక బీరప్ప అడిగాడు, "ముందర ఏముండాది?"

"మలుపు."

"లారీ ఏమన్నా వస్తా ఉందా?"

"వస్తా ఉండాది. నిలబడు."

ఆయన నిలబడ్డాడు.