మా నాన్న ఐపీ పెట్టిన వర్షాకాలం

మా చిన్నప్పుడు... ఒక రోజు పొద్దున్న లేచేసరికి మా తాడేపల్లిగూడెం ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమ్మ గోడకి జారగిలబడి కూర్చుంది. పక్కింటి అత్తయ్యగారు కేరియర్‌లో అన్నం, చారు తెచ్చి వంటింటి గుమ్మం దగ్గర పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు.

నాన్న ఇంట్లో లేరు...

నాన్నది ఉల్లిపాయల టోకు వ్యాపారం. ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. గోడౌన్లో సరుకు మొలకలొచ్చి, కుళ్ళి, వీధి మొగదాకా వాసన కొట్టేది. మాకు తెలిసింది అంతవరకే. నేను నాలుగో తరగతి. తమ్ముడు బుజ్జిగాడు ఇంకా బడికే వెళ్ళడం లేదు.

ఆ రోజు నుంచీ మనుషులు రావడం మొదలైంది. బంధువులు, నాన్న స్నేహితులు, ఆఖరికి మా డ్రిల్లు మాస్టారు కూడా... చావిట్లో చాప మీద కూర్చునేవారు. కాఫీ ఇస్తే వద్దనేవారు. మాటల్లేవు, నిట్టూర్పులే. లేచి వెళ్ళేటప్పుడు ఒక్కరూ "వెళ్ళొస్తాం" అనేవారు కాదు. చెప్పులేసుకుని అలా వెళ్ళిపోవడమే.

ముందటి వేసవిలో తాతగారు పోయినప్పుడు అచ్చం ఇలాగే జరిగింది మరి. పొయ్యి వెలగలేదు, ఇరుగుపొరుగువాళ్ళే అన్నం పెట్టారు, పరామర్శకి వచ్చినవాళ్ళు చెప్పకుండా వెళ్ళారు. చావింట్లో వెళ్ళొస్తామని అనకూడదని అప్పుడు నాయనమ్మే నాకు చెప్పింది.

అంటే... నాన్న పోయారు. పెద్దవాళ్ళు మాకు చెప్పడం లేదు.

మరి అమ్మ నుదుటిన బొట్టు ఉందే? అదే అర్థం కాలేదు. నాయనమ్మకి కూడా పదో రోజునే కదా తీశారు... అమ్మకి ఇంకా రోజు రాలేదు కాబోలు అనుకున్నాను. ఇక అప్పటినుంచీ పొద్దున్న లేవగానే అమ్మ నుదురు చూసుకోవడమే నా పని.

అమ్మని అడగొచ్చు కదా అంటారా... అడిగితే నిజమైపోతుందని భయం. "నాన్నేరీ అక్కా?" అని బుజ్జిగాడు అడిగితే, "కామవరపుకోట వెళ్ళార్రా, వచ్చేస్తారు" అన్నాను. అమ్మ నాకు చెప్పిన మాటే వాడికి చెప్పాను. ఆ తర్వాత దొడ్లోకి వెళ్ళి నోట్లో గౌను కుక్కుకుని ఏడ్చాను.

ఇంతలో భీమడోలు నుంచి మా పెద్దమ్మ వచ్చి మా ఇద్దరి బట్టలూ సంచిలో సర్దింది. పాసింజరు ఎక్కించింది. వేరుశనక్కాయలు తింటూ, కిటికీలోంచి కాలవలు చూస్తూ బుజ్జిగాడికి పండగే పండగ. నాకేమో ఒకటే భయం. మమ్మల్ని అమ్మ దగ్గర లేకుండా చేసి ఆ బొట్టు తీసేస్తారేమోనని...

పెద్దమ్మగారి అరుగు మీద, గడ్డం మాసిపోయి, లుంగీ కట్టుకుని నాన్న కూర్చుని ఉన్నారు.

బుజ్జిగాడు పరిగెత్తి ఒళ్ళోకి ఎక్కేశాడు. నేను గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఏమ్మా, అక్కడే ఆగిపోయావేం? రా."

"మీరు చచ్చిపోలేదా నాన్నా?"

నాన్న మొహం ఎలా అయిపోయిందో నాకు ఈ రోజుకీ కళ్ళ ముందే ఉంది. పెద్దమ్మ వైపు తిరిగారు. "పిల్లలకి ఏం చెప్పారండీ వదినగారూ?"

"చిన్నపిల్లలు కదండీ. వాళ్ళకేం తెలుస్తుందనీ..." అని పెద్దమ్మ నసిగింది.

అప్పుడు నాన్న మమ్మల్ని చెరో పక్కా కూర్చోబెట్టుకుని చెప్పారు. "వ్యాపారం పోయిందమ్మా. అందరి దగ్గరా తెచ్చిన డబ్బు తిరిగి ఇవ్వలేనని ఏలూరు కోర్టులో చెప్పుకున్నాను. ఐపీ పెట్టడం అంటారు దాన్ని. వాళ్ళ మొహం చూడలేక ఇక్కడికొచ్చేశాను. ఇందులో మీ తప్పేం లేదు. మీ అమ్మ తప్పూ లేదు."

"నా మూడు చక్రాల సైకిలు పట్టుకెళ్ళిపోతారా?" అన్నాడు బుజ్జిగాడు.

"తెలీదు నాన్నా. లాయరుగారిని అడిగి చెప్తాను."

నిజంగానే వెళ్ళి అడిగారు. వంట గిన్నెలు, పక్కబట్టలు, కట్టుబట్టలు, అమ్మ మంగళసూత్రాలు ముట్టుకోరట. సైకిలు సంగతి మాత్రం లాయరుగారికీ సరిగ్గా తెలియదట... దాని కోసం ఎవరూ రాలేదు లెండి.

నా పెళ్ళయ్యాక ఒకసారి నాన్నే అన్నారు. "నువ్వు గేటు దగ్గర ఆ మాట అడిగేదాకా, ఉండాలా పోవాలా అన్నది నాకూ తేలలేదమ్మా." ఆ వచ్చినవాళ్ళంతా చెప్పకుండా ఎందుకు వెళ్ళారని అమ్మని అడిగితే, "ఏమోనే, ఏం చెప్పి వెళ్తారు పాపం" అంటుంది. నాకు ఇప్పటికీ బోధపడదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న ఉంగుటూరు వెళ్ళాను. మా పిన్ని కొడుకు చేపల చెరువుల్లో బాగా దెబ్బతిన్నాడు. ఐపీ పెడదామనుకుంటున్నాడు. ముందు ఏమేం తెలుసుకోవాలి అక్కా అని అడిగాడు. మంచి లాయరుని చూసుకోమన్నాను. ఉన్నదేదీ దాచొద్దని, పొలం బావమరిది పేర రాసే ఆలోచన ఉంటే మానుకోమని, కోర్టువాళ్ళు దాన్ని పట్టుకుంటే మొదటికే మోసమని చెప్పాను.

"మరి పిల్లలకి చెప్పావా?"

"చిన్నవాళ్ళు కదక్కా... వాళ్ళకేం తెలుస్తుంది."

వాళ్ళింటికి పరామర్శకి ఎవరూ రావడం లేదు. ఆ రోజుల్లో మా వల్ల డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు కూడా వచ్చి కాసేపు చాప మీద కూర్చునేవారు. ఇప్పుడు ఫోన్లే మోగుతాయి, ఎవరూ ఎత్తరు.

నేను బయల్దేరుతుంటే వాడి చిన్న కూతురు వీధి గుమ్మం దాకా వచ్చి నా కొంగు పట్టుకుంది. చుట్టూ చూసి, మెల్లగా అడిగింది.

"అత్తా... మా నాన్నకి ఏం జబ్బు?"

రోజూ ఫైలు పట్టుకుని ఏలూరు వెళ్ళొస్తున్నారట, ఆస్పత్రికే అనుకుంటోంది. అమ్మ ఏడుస్తోందట. తమ్ముడికి మాత్రం తను చెప్పలేదట.

చెప్పులు విప్పేసి, దాని చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాను. వాళ్ళ నాన్నని దాని ఎదురుగా కూర్చోబెట్టి, "నువ్వే చెప్పు" అన్నాను.

మీ ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళు ఏదో ఒకటి దాచే ఉంటారు... చిన్నప్పుడు మీరేమనుకున్నారో, ఎవరికీ చెప్పకపోయి ఉంటే ఇక్కడ చెప్పండి...