బావగారి ఫుల్ ఫ్రేమ్ పరీక్ష

మా బావగారు హనుమత్ప్రసాద్ పరీక్షించకుండా దేన్నీ నమ్మరు. గొడుగు కొనాలంటే కొట్లోనే తెరిచి, దాని కింద నిలబడి, "కాస్త పైనుంచి చెంబుడు నీళ్ళు పొయ్యండి" అంటారు. మంచం కొనాలంటే కొట్టు ఓనర్ని, ఇద్దరు పనివాళ్ళని, దారినపోయే లావుపాటాయన్ని ఒకర్నీ దాని మీద ఎక్కించి, తాను కింద దూరి చూస్తారు. ఓసారి పరుపు కొనబోయి, పడుకుని చూస్తానంటూ నిజంగానే నిద్రపోయారు. కొట్టువాళ్ళు అది చూసుకోకుండా తాళం వేసి భోజనాలకి వెళ్ళిపోయారు. వాళ్ళొచ్చి లేపాక ఆయన అన్నది ఒక్కటే మాట, "పరుపు పాస్."

పెళ్ళిచూపుల్లో మా వరలక్ష్మక్కని పాట పాడమనలేదు, పేరు కూడా అడగలేదు. ఆమె కూర్చోబోయే కుర్చీని ముందు ఊపి చూసి, "ఓ కాలు పొట్టిగా ఉందండీ, వేరేది వెయ్యండి" అన్నారట. ఆ ఒక్క మాటకి మా నాన్న సంబంధం ఖాయం చేసేశారు. "కుర్చీని చూశారు గానీ నన్ను చూళ్ళేదు" అని అక్క ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

పాపం, ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. ఎర్రమంజిల్లో ప్రభుత్వ ఇంజినీరు, క్వాలిటీ కంట్రోలు. ఎక్కడెక్కడి కట్టడాల నుంచో వచ్చిన కాంక్రీటు దిమ్మల్ని యంత్రంలో పెట్టి, పగిలేదాకా నొక్కి, ఎంత బరువుకి పగిలిందో రాయడం. ఆయన పుట్టుకకీ ఆ ఉద్యోగానికీ జాతకాలు చూసి ముడేసినట్టు ఉండేది.

నేను 2009లో తణుకు నుంచి వచ్చి వాళ్ళ క్వార్టర్స్‌లో దిగాను. మైత్రీవనంలో టెస్టింగ్ కోర్సులో చేరానని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఏం టెస్ట్ చేస్తారోయ్ సాయికిరణ్?"

"సాఫ్ట్‌వేర్ బావగారూ."

"పగులుతుందా?"

"పగలదండీ."

"పగలకపోతే గట్టిదో కాదో ఎలా తెలుస్తుంది?" అని నా కోర్సు మీద జాలిపడ్డారు.

ఆ రోజుల్లో ఆయన్ని తొలిచేస్తున్న ప్రశ్న ఒకటే. ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ కెమెరా కొనాలా, వద్దా? ఉన్న కెమెరా డిజిటలే గానీ, లోపల వెలుగు పట్టే పలక చిన్నది. ఫుల్ ఫ్రేమ్‌లో ఆ పలక పాతకాలం రీలుముక్కంత ఉంటుందట. వెలుగు ఎక్కువ పడుతుంది కాబట్టి చీకటిగదిలో ఫ్లాష్ లేకుండా తీసినా బొమ్మ శుభ్రంగా వస్తుందట. ఇదంతా నాకు భోజనాల దగ్గర ఓ పెద్ద పళ్ళెం, ఓ చిన్న పళ్ళెం పక్కపక్కన పెట్టి వివరించారు. అక్క వచ్చి రెండు పళ్ళేలూ తీసేసింది.

కొనే ముందు పరీక్ష ఉండాలి కదా. పంజాగుట్టలో ప్రమోద్ అనే ఆయన కెమెరాలు అమ్మేవాడు, అద్దెకీ ఇచ్చేవాడు. బావగారు నెలకోసారి వెళ్ళి ఫుల్ ఫ్రేమ్ అద్దెకి తెచ్చేవారు. "సార్, ఇంకోసారి తీసుకెళ్తే మీ ఇంటి దారి దానికే తెలిసిపోతుంది" అనేవాడు ప్రమోద్. పాతదీ, అద్దెదీ రెండూ మెళ్ళో వేసుకుని బావగారు తిన్నగా మల్లయ్య కొట్టుకి పోయేవారు.

మల్లయ్య సిద్దిపేట వైపు నేతపనివాళ్ళ కుటుంబం నుంచి వచ్చిన టైలరు. మా క్వార్టర్స్ గేటు ఎదురుగా, ఓ మేడ మెట్ల కింద అతని కొట్టు. పట్టపగలు కూడా అక్కడ సందెచీకటే. గోడ పొడుగునా ఉన్న చెక్కల మీద రంగురంగుల దారపు ఉండలు, వాటి కింద చిన్న పీట వేసుకుని గుండీలు కుడుతూ అతని భార్య కాంతవ్వ. రంగులు పరీక్షించడానికి హైదరాబాద్ మొత్తంలో ఇంతకన్నా మంచి గోడ లేదని బావగారి సిద్ధాంతం.

"కాంతవ్వగారూ, మీరు లేవకండి. మిమ్మల్ని కాదు, దారాల్ని. టెస్టింగ్."

"నన్నైతే తియ్యకు సారూ. నీ కెమెరా ఖరాబైతది" అనేది ఆవిడ, సూది ఆపకుండా.

ఆ మాట వెనక ఓ కథ ఉంది. ఫ్లాష్ కనబడితే చాలు, కాంతవ్వ కళ్ళు ఠక్కున మూసుకుపోతాయి. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ కళ్ళు తెరుచుకున్న ఫోటో ఒక్కటీ లేదు. రేషన్ కార్డుకి ఫోటో ఇస్తే, "బతికున్న మనిషిది తీస్కరమ్మని ఎల్లగొట్టిండ్రు" అని ఆవిడే చెప్పి నవ్వేది. కొట్లో వేలాడే పెళ్ళి ఫోటోలోనూ అంతే, మల్లయ్య గుడ్లప్పగించి చూస్తుంటే ఆవిడ నిద్రపోతున్నట్టుంటుంది. "గప్పుడు కండ్లు తెరిచి సూసుంటే నన్ను చేసుకోకపోతుండె" అనేవాడు మల్లయ్య.

నవ్వులాట అంతా వాళ్ళమ్మాయి మమత పెళ్ళి కుదిరేదాకానే. నేను ప్యాంటు తెచ్చుకుందామని వెళ్ళిన రోజున తల్లీకూతుళ్ళు దాని గురించే మాట్లాడుకుంటున్నారు.

"పీటల మీద కూసుంట బిడ్డా. ఫోటో మాత్రం నాకొద్దు. జిందగీ మొత్తం సూస్కునే ఆల్బం, నా మొకంతోటి ఎందుకు ఖరాబు చేసుడు?"

"నువ్వు లేని ఆల్బం నాకెందుకే?" అంది మమత. ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

నాకూ మనసు బాలేకపోయింది. సరిగ్గా అప్పుడే మా బావగారు రెండు కెమెరాలతో దిగారు. అంతా విన్నారు. విని, "కాంతవ్వగారూ, మిమ్మల్ని కాదు, టెస్టింగ్" అంటూ దారాల ఫోటో తీసుకున్నారు. ఈయన గుండెని కూడా ఆఫీసులో కాంక్రీటుతోనే పోశారేమోనని నాకు ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం అక్కకీ మండింది. ఆయన భూతద్దం పట్టుకుని ఫోటోలు చూస్తూ, "పాతదాంట్లో ఇసుక పాళ్ళు ఎక్కువైంది వరలక్ష్మీ" అంటున్నారు. చీకట్లో తీసిన ఫోటోలో కనబడే చుక్కల్ని ఆయన ఇసుక అంటారు.

"ఏవండీ, మమత పెళ్ళిదాకా గడువు. ఈలోగా కొంటే కొనండి. లేదా ఈ ఇంట్లో మళ్ళీ కెమెరా మాట ఎత్తకండి" అంది అక్క.

"అలాగే. పెళ్ళికి ఓసారి అద్దెకి తెచ్చి, ఆఖరి టెస్ట్ చేసి..."

అక్క చేతులెత్తి దణ్ణం పెట్టి లోపలికి పోయింది.

పెళ్ళి రోజు పొద్దున్నే నేనూ బావగారూ స్కూటరు మీద ప్రమోద్ కొట్టుకి వెళ్ళాం. ముహూర్తాల రోజు కావడంతో అద్దె కెమెరాలన్నీ అప్పటికే పెళ్ళిళ్ళకి పోయాయి.

"కొత్తది, సీలు తియ్యనిది ఒక్కటుంది సార్" అన్నాడు ప్రమోద్ భయపడుతూ. "కానీ మీరు టెస్ట్ చేసేలోపు ఆ పెళ్ళికూతురి సీమంతం కూడా అయిపోతుంది."

బావగారు బాక్సు వంక చూశారు, గడియారం వంక చూశారు. "బిల్లు రాయండి" అన్నారు.

ప్రమోద్ చేతిలో పెన్ను జారిపోయింది. "తెరిచి చూసుకోరా సార్?"

"టైము లేదు."

కొత్త బ్యాటరీలో ఛార్జింగ్ ఉండదని, ప్రమోద్ అద్దె కెమెరాల కోసం ఛార్జింగ్ చేసి ఉంచినది ఒకటి ఇచ్చాడు. ఆయన మనసు మారకముందే మమ్మల్ని గుమ్మం దాటించేశాడు.

పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ పడింది. ఇక ఉండబట్టలేక అడిగేశాను. "బావగారూ, దారాల ఫోటోలకి ఇంత కెమెరా ఎందుకండీ?"

"దారాలకి పాతదే చాలు."

"మరి?"

"ఆ దారాల కింద ఎవరు కూర్చుంటారోయ్?"

"కాంతవ్వగారా?" అన్నాను. ఆయనే చెప్పారు. "రేషన్ కార్డు సంగతి విన్న రోజు మొదలుపెట్టాను. ఫ్లాష్ లేకపోతే ఆవిడ కళ్ళు ముయ్యదు. తననే తీస్తున్నారని తెలియకపోతే అసలే ముయ్యదు. పాతదాంతో తీస్తే ఆ చీకట్లో మొహం నిండా ఇసుక. అద్దెదాంట్లో చక్కగా వచ్చింది."

"వచ్చినప్పుడే ఆవిడకి చూపించొచ్చు కదండీ?"

"చూపించి ఆశపెట్టి, తీరా పెళ్ళిలో కుదరకపోతే? ఆవిడ జన్మలో మళ్ళీ కెమెరా ముందుకి రాదు. దిమ్మ పగిలితే ఇంకోటి పోస్తాం. మనిషిని పగలగొట్టి చూడకూడదు కదా. అందుకే ముందు నా వైపు లోపాలన్నీ చూసుకున్నాను."

పచ్చలైటు పడింది. నాకు ఒళ్ళు మండిన సంగతి నేనాయనకి చెప్పలేదు.

ఫంక్షన్ హాల్లో అక్క ఆ బాక్సు చూసింది. "టెస్ట్ చేశారా?"

"లేదు."

అక్క ఆయన నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమో చూసింది.

హాలు ఓ మేడ కింది అంతస్తులో ఉంది. ఒక్క కిటికీ లేదు. పెళ్ళి ఫోటోలు తీసే హనుమాండ్లు ఫ్లాష్, వీడియో లైటు సిద్ధం చేసుకుని మండపం ముందున్నాడు. అల్లుడి కాళ్ళు కడిగే వేళైంది. కడిగేది మల్లయ్య, చెంబుతో నీళ్ళు పొయ్యాల్సింది కాంతవ్వ. ఆవిడ కొంగు మొహం మీదికి లాక్కుని, తల దించుకుని కూర్చుంది. పక్కన మమత మొహంలో పెళ్ళికళ లేదు.

బావగారు హనుమాండ్లు దగ్గరికి వెళ్ళారు. "కాసేపు మీ ఫ్లాషూ, ఆ లైటూ ఆపండి."

"బంద్ జేస్తే మొత్తం నల్లగొస్తది సార్. రేపు మాట నాకొస్తది."

"రాకపోతే మాట నాది" అన్నారు బావగారు. సీలు తీసి గంట కూడా కాని కెమెరా చేతిలో పెట్టుకుని, ఆయన అంత మాట అనగా నేను ఎప్పుడూ వినలేదు.

లైట్లు ఆరాయి. ఉన్న రెండు ట్యూబులైట్ల వెలుగులో పంతులుగారు మంత్రం అందుకున్నారు. కాంతవ్వ రెండు చేతులతో చెంబెత్తింది. పట్టుకునే చెయ్యి లేక కొంగు జారిపోయింది. బావగారు ఆవిడ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, రోజూ అనే మాటే అన్నారు.

"కాంతవ్వగారూ, మిమ్మల్ని కాదు. టెస్టింగ్."

కాంతవ్వకి నవ్వాగలేదు. తలెత్తి, కళ్ళు ఇంత చేసి, "గిప్పుడు సుత టెస్టింగేనా సారూ?" అంది.

టక్.

కాళ్ళు కడగడం అయ్యాక బావగారు కెమెరా వెనక బొమ్మ ఆవిడకి చూపించారు. ఆవిడ చాలాసేపు చూసింది. "గీమె ఎవలు?" అని అడిగింది. మమత పీటల మీద నుంచే వంగి చూసి, అమ్మ భుజం మీద తల పెట్టేసింది. మల్లయ్య తొంగి చూసి, "నీ కండ్లు గింత పెద్దయా? ఇన్నేండ్ల సంది నా కాడ దాసిపెట్టినవా?" అన్నాడు.

ఇక కాంతవ్వని ఆపడం ఎవరి తరమూ కాలేదు. అల్లుడితో, వియ్యపురాలితో, పంతులుగారితో, వంటవాళ్ళతో, మా అక్కతో, ఆఖరికి హనుమాండ్లుతో కూడా ఫోటో దిగింది. "సారూ, గిటు రా, టెస్టింగ్ చెయ్యి" అని హాలంతా ఆయన్ని తిప్పింది. హనుమాండ్లు తన ఫ్లాషు సంచిలో పెట్టేసి, ఆ కెమెరా ఎక్కడ దొరుకుతుందని నన్నడిగాడు. అద్దెకైతే ఓ నెల తెచ్చుకుని చూడమన్నాను.

వారం తర్వాత ఆ ఫోటో కొట్లో పెట్టడానికి అందరం చేరాం. మల్లయ్య పెళ్ళి ఫోటో పక్కనే చోటు చూసి మేకు కొట్టాడు. మా బావగారు ముందుకొచ్చారు. అక్క తల పట్టుకుంది. ఆయన మేకు పట్టుకుని బలంకొద్దీ లాగారు. మేకూ, దాంతోపాటు జానెడు గోడ పెచ్చూ ఊడి ఆయన చేతిలోకి వచ్చాయి.

"చూశారా? ఫెయిల్" అన్నారు.

మల్లయ్య ఇంకాస్త పక్కన, పొడుగుపాటి మేకు దిగ్గొట్టాడు. ఆయన మళ్ళీ చెయ్యి చాపబోతే కాంతవ్వ అడ్డం వచ్చింది.

"నువ్వు జరుగు సారూ" అని కొంగు నడుముకి దోపి, మేకు పట్టుకుని రెండు చేతులా గుంజింది. కదల్లేదు. కాలు గోడకి తన్నిపెట్టి మళ్ళీ గుంజింది. అయినా కదల్లేదు.

"పాసైంది" అంది. "ఇగ పెట్టుండ్రి."