సూర్యాపేట దారిలో మొదటి పాఠం

మా తమ్ముడు పోయాడని మంగళవారం పొద్దున మిర్యాలగూడ నుంచి వాడి కోడలు ఫోన్ చేసింది. చాయ తాగి, రేపటి నుంచి జర చక్కెర తగ్గించమ్మా అన్నాడట. ఆమె కప్పు కడిగి వచ్చేసరికి లేడట. నాకు నమ్మకం కుదరలేదు. "మంచిగ సూసిన్రా? డాక్టర్ వచ్చిండా?" అని అడిగిందే అడిగాను. వాడు నాకంటే చిన్నవాడు. స్కూటరెక్కినా, మెట్లు దిగినా, నీళ్ల మోటారు స్విచ్చి వేసినా వాడికేమవుతుందోనని ఇన్నేళ్లూ భయపడ్డాను. ఆ పొద్దున మాత్రం నా మోకాలి గురించి దిగులుపడుతూ కూర్చున్నాను.

మీలో చాలామందికి వాడు సైన్సు సారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సర్కారు బళ్లలో చదివినవాళ్లు ఎరుగుదురు. "తెల్వదు అనుడు తప్పు గాదురా, తెల్సినట్టు తల ఊపుడే తప్పు" అని వాడనే మాట మీకూ గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లో పప్పు పొంగినా మూత ఎందుకు లేచిందక్కా అని అడిగేవాడు. ముందు మంట తగ్గించరా అని నేను మొత్తుకునేదాన్ని.

నేను చదివింది రెండో తరగతి. వాడి పాఠాలు నాకేం తెలుసు? కానీ మొట్టమొదటి పాఠం మాత్రం చూశాను. అది బళ్లో కాదు.

నిజాం మీద పోలీసు చర్య అయిన మరుసటేడు. సూర్యాపేట బళ్లో సైన్సు పంతులు వెళ్లిపోయాడు. పెద్దసారు మావాడిని పిలిచి, ఎల్లుండి ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఆయన ముందు పిల్లలకు ప్రయోగాలు చేసి చూపిస్తే ఉద్యోగం నీది, లేకుంటే లేదు అన్నాడు. బళ్లో ఒక్క గాజు గొట్టం కూడా లేదు. వాడు బెజవాడ పోయి గొట్టాలు, గాజు గ్లాసు, గంధకం, ఇనుమును తినేసే తేజాబు సీసా తెచ్చాడు. వండిపెట్టడానికి నేనూ కోదాడలో వాడితో బస్సెక్కాను. నా పాత చీరలో చుట్టిన ఆ సామాను నా ఒళ్లోనే ఉంది.

సూర్యాపేట రాకముందే మిలిటరీవాళ్లు బస్సు ఆపారు. అప్పట్లో వాళ్లు సంఘం దళాల కోసం, అంటే తుపాకులు పట్టిన కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్నారు. గంధకం చూడగానే, బాంబులు చేసేవాడివా అని మూటతో సహా వాడిని దింపారు. నా పక్కనున్న ముసలమ్మ కొంచెం దూరం జరిగింది. అట్లా దించినవాళ్లలో కొందరు తిరిగి రాలేదని అందరికీ తెలుసు.

నేను పంతుల్ని అన్నాడు తమ్ముడు. చూపించడానికి కాగితమేదీ లేదు, పెద్దసారుది నోటిమాటే. వాళ్ల జమాదారు నవ్వి, పంతులువైతే పాఠం చెప్పు అన్నాడు హిందుస్తానీలో. నేను దిగిపోయి తమ్ముడి చొక్కా పట్టుకున్నాను. వాడు మెల్లగా అన్నాడు:

"భయపడు అక్కా. గని కండ్లు మూసుకోకు. సూస్కుంట భయపడు."

సిపాయిలు గుడారం ముందు పేకాడుతున్నారు. వాళ్లనొక ముక్క అడిగి తీసుకున్నాడు. గ్లాసు నిండా నీళ్లు పోయించి, ముక్క మూతగా పెట్టి, అరచెయ్యి ఆనించి బోర్లించాడు. చెయ్యి తీసేశాడు. ముక్క ఊడలేదు. నీళ్లు పడలేదు. మన చుట్టూ గాలి ఉంది, అది కింది నుంచి కూడా నెడుతుంది అని ఉర్దూలో చెప్పుకుపోతున్నాడు. వాడి చదువంతా ఉర్దూలోనే కదా. సిపాయిలు ఆట ఆపి దగ్గరకొచ్చారు. గ్లాసు ఇంకా పెద్దదైతేనో అని అడిగాడు జమాదారు. మీకేమనిపిస్తుంది అని తమ్ముడు ఎదురడిగాడు. తుపాకీ పట్టినవాడిని ప్రశ్న అడుగుతావేమిరా అని నా పాణం పోయింది. జమాదారు మీసం మీద చెయ్యి వేసుకుని ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. కాసేపటికి గంధకం మూట వాడి చేతికిచ్చి, పో మాస్టర్ అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ముందు వాడేం చెప్పాడో నేను చూడలేదు. ఉద్యోగం వచ్చింది, ముసలివాడయ్యేదాకా అదే చేశాడు. ఆ మాట అక్కడికి సరే. నాకు మొన్నటి నుంచి కళ్ల ముందు ఆ రోడ్డే కనిపిస్తోంది. గ్లాసును వాళ్లు ఉంచేసుకున్నారు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. జమాదారు రోడ్డు నడుమ నిలబడి, గ్లాసు మీద ముక్క పెట్టి తనే బోర్లించాడు. నీళ్లన్నీ బూట్ల మీద పడ్డాయి. సిపాయిలు నవ్వారు. మళ్లీ నింపుకున్నాడు. ఈసారి చెయ్యి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తీశాడు. దుమ్ము కమ్మేదాకా చూశాను. నీళ్లు పడలేదు.