తాళం లేని ఇంటికి ‘తాళం’ అని రాసిన రోజుల్లో మా యాదమ్మ అక్క

నిన్న పొద్దున్నే యాదమ్మ అక్క కోడలు ఫోన్ చేసింది.

“అత్తమ్మ పోయింది” అంది. అంతే.

అప్పుడు బాల్కనీలో కుండీల కింది పళ్ళేల్లో నీళ్ళు ఒంపేస్తున్నాను. ఫోన్ పెట్టేసి మిగతావి కూడా ఒంపేశాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఈ అలవాటు నేర్పింది అక్కే.

ఇవాళ ఫేస్‌బుక్ నిండా ఆమె ఫొటోకు దండలు. ‘సేవామూర్తి’ అట! ఒకప్పుడు ఆమెకు మెమో ఇచ్చిన ఆఫీసువాళ్ళు కూడా పెట్టారు. ఒళ్ళు మండి ఈ పోస్ట్ రాస్తున్నాను.

డెబ్బైల్లో మావారికి బాలానగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. మీరిప్పుడు హైటెక్ సిటీ అని క్యాబ్ బుక్ చేసుకునే చోట అప్పుడు బండరాళ్ళే. అక్క మా వాడకు నర్సమ్మ. గర్భిణులను చూడడం, కాన్పులు చేయడం ఆమె డ్యూటీ.

మా పక్కింటి విమలకు నెలలు నిండాక జ్వరం వచ్చింది. కీళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయింది.

రక్తపరీక్షలో మలేరియా లేదు కాబట్టి మా పని కాదన్నారు మలేరియా వాళ్ళు. జ్వరం మా పని కాదన్నారు కాన్పుల దవాఖాన వాళ్ళు.

పుట్టిన మూడో రోజే బిడ్డ పోయింది. ఎవరి పనో మాత్రం వాళ్ళు తేల్చుకోనే లేదు.

అప్పుడు నాకు ఏడో నెల. భయంతో అన్నం సయించేది కాదు.

దోమల మందు కొట్టేవాళ్ళు లోపలికి రాకుండానే, ఇంట్లో ఎవరూ లేరన్నట్టు విమల ఇంటి గోడ మీద ‘తాళం’ అని రాసి పోయారు. తాళమేమీ లేదు. నెలలు నిండిన మనిషి, బాలింత ఉన్న గదిలోకి పరాయి మగాళ్ళను రానివ్వరు. అత్తగార్లు గుమ్మంలోంచే పంపేసేవారు. మందు కొట్టేవాళ్ళకూ అదే సుఖం.

అక్క లోపలికి వెళ్ళి చూస్తే స్నానాల నీళ్ళ గోలెం నిండా దోమపిల్లలు.

హెల్త్ సెంటర్‌లో తన ఆఫీసర్ దగ్గరికి వెళ్ళింది. నేను చెకప్ కోసం ఆ గదిముందు బెంచీ మీదే ఉన్నాను.

“తాళం ఏడుంది సార్? లోపట మనుషులున్నరు. నన్నైతే రానిస్తరు. కడుపుతోటి ఉన్నోళ్ళను చూడవోయినప్పుడు గోలెం గూడ చూసొస్త.”

“దోమలకీ కాన్పులకీ ఏం సంబంధమమ్మా? ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ కేసులు తీసుకురా. టార్గెట్ చూసుకో.”

అక్క బయటికి వచ్చింది. మేమంతా తాగే సెంటర్ తొట్టిలో గ్లాసు ముంచి తెచ్చి ఆయన టేబుల్ మీద పెట్టింది. నీళ్ళలో పురుగులు గిలగిలా తిరుగుతున్నాయి.

“ఏంటిది?”

“గా దోమపిల్లలు మన డిపార్ట్‌మెంట్ కాదు సార్. తాగుండ్రి.”

అంత పెద్ద ఆఫీసర్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది.

వారంలో మెమో వచ్చింది, వేరే శాఖ పనిలో వేలు పెట్టినందుకు. ప్రమోషన్ ఆగిపోయింది. ఆయన మాత్రం పెద్ద పోస్టులో, పెద్ద దండలతో రిటైరయ్యాడు.

అక్క మెమో మడిచి సంచిలో వేసుకుని మా ఇంటికే వచ్చింది.

“కడుపు చూసిన చెల్లె, మంచిగుంది. ఇగ గోలెం చూపియ్యి.”

తనే ఒంపింది. తోమించింది, ఎండబెట్టించింది, మూతికి పాత చీర కట్టించింది. “పగటిపూట కుట్టే దోమ మంచినీళ్ళల్లనే పుడతది. విమలకొచ్చిన కీళ్ళ జ్వరం దానితోటే వస్తది” అంది. నా కాన్పయ్యేదాకా వారం వారం వచ్చింది.

నా కూతురు క్షేమంగా పుట్టింది. అక్క వల్లేనని రుజువు చేయమంటే చేయలేను. ఆ ఆఫీసు వల్ల కాదని మాత్రం ఎక్కడైనా చెబుతాను.

నిన్న సాయంత్రం అక్క ఇంటికి ఆ ఆఫీసువాళ్ళొచ్చారు. ఒకాయన అక్క పక్కనే నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. గర్భిణులకు చెకప్‌తోపాటు దోమల గురించి కూడా చెప్పాలని కొత్తగా ఆలోచిస్తున్నారట.

కొత్తగా! సిగ్గుండాలి.

తెచ్చిన పూలు వాడిపోకుండా బకెట్ నీళ్ళలో పెట్టి, ఫొటో దిగి వెళ్ళిపోయారు. బకెట్ అక్కడే వదిలేశారు.

ఇవాళ పొద్దున వెళ్ళి ఆ నీళ్ళు పారబోసి, బకెట్ తోమి, బోర్లించి వచ్చాను.

ఇగ ఫికర్ చెయ్యకక్కా. గోలెం నేను చూసుకుంటాను. నువ్వు ప్రశాంతంగా పడుకో.