కంట్లో కరిగే పుల్ల

ప్రయోగశాలలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆమె బంకమ్మ. చేరిన కొత్తలో ఏ పని మొదలుపెట్టినా చివరికి గాజుకుప్పె అడుగున మిగిలేది బంకే. గరిటకు అంటుకునేది, చేతి తొడుగులకు అంటుకునేది. ఒకసారి జుట్టుకు అంటుకుంటే పెద్దమ్మ కత్తెర పట్టవలసి వచ్చింది.

"ఎన్నాళ్లే ఈ బంకతో కాపురం? ఆ సీసాల్లోనే ఒక మొగుణ్ణి కూడా తయారు చేసుకోరాదూ?" అంది పెద్దమ్మ జడ కత్తిరిస్తూ.

"వాడూ బంకగానే వస్తాడు పెద్దమ్మా. పట్టుకుంటే వదలడు."

తల్లి చిన్నప్పుడే పోతే బంకమ్మను పెంచింది ఈ పెద్దమ్మే. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఆవిడది. కామా ఒక్కటి పక్కకు జరిగినా రాత్రి అన్నం సయించేది కాదు. అలాంటి మనిషికి కంటి జబ్బు వచ్చింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి కొద్దికొద్దిగా మూసుకుపోయే జబ్బు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికి పొద్దునా సాయంత్రం చుక్కల మందు వేసుకోవాలి. ఆవిడ చేతులా, వణుకు. చుక్క ఒకసారి రెప్పమీద, ఒకసారి ముక్కుమీద, చాలాసార్లు చెంపమీద పడేది.

"నా చెంపలు చూడు, ఎలా నిగనిగలాడుతున్నాయో! వాటికి మాత్రం ఏ జబ్బూ రాదు" అని నవ్వేది పెద్దమ్మ.

కంటి డాక్టరమ్మకు మాత్రం నవ్వు రాలేదు. "మందు మంచిదేనండీ. కంట్లో పడితే కదా!" అంది.

ఆ మాట బంకమ్మ మనసులో ముల్లులా దిగింది. అప్పటికి ఆమె ఒక రంగుల ఫ్యాక్టరీ ప్రయోగశాలలో రసాయన శాస్త్రజ్ఞురాలు. చిన్న అణువులను గొలుసులా తగిలించుకుంటూ పోతే వచ్చే పాలిమర్లతోనే రోజంతా ఆమె పని. ఆ గొలుసుల మధ్య మందును ఇరికించి, బియ్యపు గింజలో సగమంత పుల్లగా చేసి కంట్లో పెడితే? కంటి తడికి గొలుసు ఒక్కో లంకె ఊడుతూ ఉంటుంది, మందు నెలల తరబడి కొంచెం కొంచెంగా ఊరుతూ ఉంటుంది, ఆఖరికి పుల్లే కరిగిపోతుంది. ఈ ఆలోచన ఆమెకంటే ముందు చాలామందికి వచ్చింది. ఒక పరిశోధన సంస్థలో ఆ పనే జరుగుతోందని తెలిసి, రంగుల ఫ్యాక్టరీకి దండం పెట్టి అక్కడ చేరింది. బంకమ్మ అన్న పేరు కూడా వెంట వచ్చింది.

"కంట్లో నలుసు పడితేనే ఇల్లు పీకి పందిరేస్తాం. నువ్వు ఏకంగా పుల్ల పెడతానంటావేమే!" అని పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది.

సంస్థలో పుల్ల అప్పటికే సగం తయారు. పాలిమర్‌ను ఒక ఘాటైన ద్రావకంలో కరిగించి, మందు కలిపి, ద్రావకాన్ని ఆవిరి చేసేవాళ్లు. పుల్ల ముచ్చటగా వచ్చేది. ఆ ద్రావకం డ్రమ్ములను మోసేదీ, వంపేదీ, వాడినదాన్ని వెనక్కి పట్టేదీ ఒక్కాయనే. అందరూ ఆయన్ని డ్రమ్ముల బాబాయి అనేవాళ్లు. ఒకనాడు మధ్యాహ్నం ఆయన మెట్ల మీద కూర్చుని, కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఉండగా బంకమ్మ చూసింది.

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదమ్మా. తల కాస్త తిరిగింది. ఈ వాసనకి అలవాటేలే."

అలవాటు కాదని ఆసుపత్రిలో తేలింది. ఏళ్ల తరబడి పీల్చిన ఆవిరి కాలేయాన్ని దెబ్బతీసింది. బాబాయిని గేటు దగ్గర కాపలాకు మార్చి, డ్రమ్ముల దగ్గరికి ఇంకొకరిని పంపారు.

ఆ వారమే డైరెక్టరు అందరినీ పిలిచి, ఈ పుల్లతోనే మనుషుల మీద పరీక్షలకు వెళ్దామన్నాడు. మంచివాడే, తొందర మనిషి.

"ద్రావకం సంగతేంటి సార్?" అంది బంకమ్మ.

"పుల్లలో మిగిలేది అనుమతించిన దానికంటే తక్కువే కదమ్మా."

"పుల్లలో తక్కువే సార్. బాబాయి ఒంట్లో ఎక్కువ. మనం పారబోసే వెనక కాలవలో ఇంకా ఎక్కువ."

"పెద్ద ఫ్యాన్లు పెట్టిద్దాం."

"అప్పుడు మన గదిలోంచి పోయి పక్కవాళ్ల కిటికీలో దూరుతుంది. ఒకళ్ల కంటికోసం ఇంకొకళ్ల కాలేయం తియ్యడం నావల్ల కాదు సార్. ద్రావకం లేకుండా చేద్దాం."

"ఎలా?"

"ఎలాగో తెలిస్తే ఈపాటికి చేసేసేదాన్నిగా!"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. డైరెక్టరూ నవ్వాపుకోలేకపోయాడు. పరీక్షలు ఒక ఏడాది ఆపుతానని, ఆపైన తనను అడగవద్దని చెప్పాడు. మెట్ల కింద ఉన్న చిన్న గది ఆమెకు ఇచ్చారు. తోటివాళ్లు మిగతా పనుల్లోకి సర్దుకున్నారు.

ద్రావకం వద్దంటే పాలిమర్‌ను వేడితో మెత్తబరిచి మందు కలపాలి. అంత వేడికి మందు చెడిపోయేది. తక్కువ వేడికే మెత్తబడే పాలిమర్ కావాలి. అదికూడా భూమిలోంచి తోడిన నూనెతో కాకుండా మొక్కలనుంచి రావాలని పట్టుబట్టింది. సగ్గుబియ్యం మిల్లులో పారబోసే గంజినీళ్లను పులియబెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది. దానితో అల్లిన గొలుసు గట్టిది, పెళుసుది. ఆముదం నుంచి తీసిన ఆమ్లాన్ని మధ్యమధ్య చేరిస్తే గొలుసు మెత్తబడుతుంది. లోహం పొడి కలిపితే పని తొందరగా అవుతుంది గానీ, ఆ లోహం కంట్లోకి పోతుంది. అందుకని అదీ మానేసి, గాలి లాగేసిన పాత్రలో సన్నని సెగమీద ఉడికించడం మొదలుపెట్టింది.

వచ్చింది బంక. ఆముదం తగ్గించింది. విరిగిపోయే పెళుసు. కాస్త పెంచింది. మళ్లీ బంక.

"ఏం బంకమ్మా, ఇవాళ ఏ రంగు బంక?" అని మెట్లు దిగేవాళ్లు పలకరించి పోయేవాళ్లు.

"మీ నోటికి అతికించేంత చిక్కటిది" అనేది.

పొద్దున తలుపు తీయగానే ముందునాటి పాత్రలు గీకి కడగడం, తూకం వేయడం, మళ్లీ సెగ పెట్టడం. విసుగొచ్చిన రోజున వీధి చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్లీ సెగ పెట్టేది. గడువు దగ్గరపడుతుండగా, వేడి టీ గ్లాసంత వేడికే మెత్తబడి, చల్లారితే పుల్లలా నిలిచే ముద్ద వచ్చింది. సన్నని రంధ్రంలోంచి ఒత్తితే దారంలా సాగింది. వంచితే వంగింది, విరగలేదు. బంకమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని గేటు దాకా పరుగెత్తి, ముందుగా బాబాయికి చూపించింది. ఆయన వాసన చూసి, "ఏ వాసనా లేదేంటమ్మా?" అన్నాడు.

ఇక అంతా సాఫీగా సాగుతుందనుకుంటుండగా, మనుషులకంటే ముందు పుల్ల పెట్టి చూసిన కుందేళ్ల కళ్లు ఎర్రబడ్డాయి. అన్నింటికీ కాదు, కొన్నింటికే. రెండ్రోజుల్లో తగ్గిపోయింది కూడా. "ఇంతమాత్రానికి ఎవరూ కాదనరు, కానిచ్చేద్దాం" అన్నారు పరీక్షల విభాగంవాళ్లు. బంకమ్మ ఒప్పుకోలేదు. తానే డైరెక్టరు దగ్గరికి వెళ్లి, గడువును కూడా పక్కన పెట్టించి పని ఆపించింది. ముద్దలో పొట్టి గొలుసులు మిగిలి, అవి ముందుగా విడిపోయి, కంట్లో ఒక్కసారిగా పులుపు పెంచుతున్నాయని తేలింది. పొట్టివి కూడా పొడుగు గొలుసుల్లో కలిసేదాకా ఇంకా ఎక్కువసేపు ఉడికించాలి. అంటే పని మళ్లీ మొదటికి.

ఆ ఆలస్యంలోనే పెద్దమ్మ ఎడమ కంటి చూపు పూర్తిగా ఆరిపోయింది.

ఆసుపత్రి బెంచీ మీద బంకమ్మ పెద్దమ్మ ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. "నేను నోరు మూసుకునుంటే పరీక్షలు ఈపాటికి అయిపోయేవి పెద్దమ్మా."

"అయితే? నీ చుట్టాలకి ఆ పరీక్షల్లో చోటు లేదని నువ్వే చెప్పావుగా. లే, ముక్కు తుడుచుకో." పెద్దమ్మ ఆమె జుట్టు వెనక్కి సర్దుతూ అంది, "తప్పు కంటబడ్డాక కూడా అచ్చుకి వదిలేస్తే అది పొరపాటు కాదే, పాపం. ఇంకో కన్నుందిగా నాకు. నువ్వు పోయి ఉడకపెట్టుకో."

మర్నాడు పొద్దున్నే బంకమ్మ మెట్ల కింద గదిలో సెగ వెలిగించింది.

ఈసారి కుందేళ్ల కళ్లు ఎర్రబడలేదు. మనుషుల్లో మొదట పుల్ల పెట్టించుకున్నది ఒక బస్సు కండక్టరు. నెలలు గడిచినా ఆయన కంటి ఒత్తిడి అదుపులోనే ఉంది. డాక్టరమ్మ దీపం వేసి వెతికితే పుల్ల సన్నబడుతూ వచ్చి, చివరికి కనిపించనే లేదు. ఆయన వెనక చాలామంది వచ్చారు. వాళ్లలో కొందరికి ఫలితం అంతంతమాత్రమే. ఎక్కువమందికి చూపు నిలిచింది. అనుమతి వచ్చాక, మామూలు రోగుల వరసలో కూర్చుని, పెద్దమ్మ కూడా కుడి కంట్లో పుల్ల పెట్టించుకుంది. కరిగినప్పుడల్లా ఇంకోటి పెట్టించుకుంటూ వచ్చింది, ఆ కంటి చూపు ఇంక తగ్గలేదు.

ఇప్పుడు ఆ పుల్లల్ని ఒక మందుల కంపెనీ పెద్దఎత్తున చేస్తోంది. బంకమ్మ తలలో సగం నెరిసింది. వారానికోసారి ఆ ఫ్యాక్టరీకి వెళ్లి పాత్రలు తనే చూసుకుంటుంది. మొన్న అక్కడి కొత్త ఇంజనీరు వినయంగానే అడిగాడు, "మేడమ్, ఇంతసేపు ఉడకాలా? కొంచెం ద్రావకం కలిపితే సగం టైములో అయిపోతుంది కదా?"

బంకమ్మ కళ్లజోడు సవరించుకుంది. "అవుతుంది బాబూ. ముందు నాతో మా సంస్థ గేటు దాకా రా, అక్కడ డ్రమ్ముల బాబాయిని చూద్దువు. దారిలో చెబుతాను ఎందుకు కలపమో."

అతను చేతి తొడుగులు విప్పి ఆమె వెంట నడిచాడు.